అవే చేతులు, అవే మిషన్లు, మేలో పీసులెందుకు తగ్గాయి?

హైదరాబాద్ శివార్లలోని ఒక చిన్న గార్మెంట్ యూనిట్‌లో లైన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్న ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. రూళ్ల నోట్‌బుక్‌లోంచి చింపిన తొమ్మిది పేజీలు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి అవి లేకుండా, కుదించి చెబుతున్నాను.

ఆవిడకి 37 ఏళ్లు. పదకొండేళ్లు మిషన్ మీద కూర్చుని కాలర్లు కుట్టి, మూడేళ్ల కింద సూపర్‌వైజర్ అయ్యారు. లైన్‌లో 32 మంది, అందరూ ఆడవాళ్లే. కుట్టేది షర్టులు. రేకుల షెడ్డు. గోడకి రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లుంటే, వాటిలో ఒకటి పోయిన దసరా నుంచి తిరగడం లేదు. లైన్ చివర ఐరన్ టేబుళ్లు. చల్లగాలి ఉన్నది ఆఫీసు గదిలో, కటింగ్ రూమ్‌లో మాత్రమే. డిసెంబరులో గంటకి 60 షర్టులు తీసిన లైను, ఏప్రిల్ రెండో వారానికి మధ్యాహ్నం పూట 45కి దిగిపోయింది. ఆల్టర్‌కి, అంటే తప్పు కుట్టినందుకు సరిచేయడానికి, వెనక్కొచ్చే పీసులు పెరిగాయి. రోజూ నలుగురైదుగురు పనికి రావడం లేదు.

మేనేజర్ రోజూ సాయంత్రం పిలిచి అడిగేది ఒకటే: "డిసెంబరుల 60 ఎట్లొచ్చినయ్? అప్పుడు వీళ్లకి వేరే చేతులున్నయా?" టాయ్‌లెట్ పేరు చెప్పి తిరుగుతున్నారని ఆయన అంటే, లైన్ మొత్తానికి ఒక్క టోకెన్ పెట్టింది ఈవిడే. టోకెన్ పట్టుకుని వెళ్లినవాళ్లు తిరిగొస్తే తప్ప ఇంకొకరు లేవకూడదు. దాంతో అందరూ నీళ్లు తాగడం తగ్గించారు. ఆ సంగతి ఈవిడకి తెలుసు. "తెలిసీ ఊరుకున్నాను" అని రాసి, ఆ మాట కింద గీత గీశారు.

మే మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఐరన్ టేబుల్ దగ్గర ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ అమ్మాయి ఈవిడ యారాలే, మరిది భార్య. ఈవిడే తీసుకొచ్చి పనిలో పెట్టించారు. దగ్గర్లో సెలైన్ పెట్టించి ఇంటికి పంపారు. తర్వాత రెండు రోజులు రాలేదు. బంధువని వదిలేసిందని ఎవరూ అనకూడదని, ఆ రెండు రోజులూ ఆబ్సెంట్ వేసింది కూడా ఈవిడే. జీతం కోసేశారు. ఇప్పుడు ఒకే వాకిట్లో ఉంటూ యారాలు మాట్లాడదు. అత్తగారు ఆమె వైపు. భర్త ఆటో నడుపుతారు, "మానెయ్, ఎందుకీ టెన్షన్" అంటారు. కానీ ఇంట్లో చిట్టీ నడుస్తోంది, జూన్ రాగానే ఇద్దరు పిల్లల ఫీజులు. 14 కిలోమీటర్ల దూరంలో ఏసీ ఉన్న పెద్ద ఫ్యాక్టరీ ఒకటి ఈవిడని తీసుకుంటానంది. అయితే మళ్లీ ఆపరేటర్‌గా, నెలకి 3 వేలు తక్కువకి.

చివరి పేజీలో మూడు ప్రశ్నలున్నాయి. వీళ్లు నిజంగానే బద్ధకిస్తున్నారా, లేక నేనే మెత్తబడ్డానా? యారాలు పడిపోవడం నా తప్పేనా? ఉండాలా, మానెయ్యాలా?

*

అమ్మా,

మీ మేనేజర్ గారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. తొమ్మిది పేజీల్లో అన్నిటికంటే మంచి ప్రశ్న అదే. ఆయన తిట్టడానికి అడిగారు, జవాబు కోసం కాదు. అయినా ప్రశ్న మంచిదే.

డిసెంబరులో ఉన్న చేతులే మేలోనూ ఉన్నాయి. మిషన్లూ, షర్టూ, సూపర్‌వైజరూ కూడా అవే. మరి మారిందేమిటి? ఆర్థికవేత్తలు కూడా ఇలాగే వెతుకుతారు. ఒక మనిషిని పక్క మనిషితో పోలిస్తే ఏమీ తేలదు, ఒకరి చెయ్యి సహజంగానే వేగం, ఒకరిది నిదానం. అదే మనిషి చల్లటి రోజున ఎంత పని చేసింది, వేడి రోజున ఎంత చేసింది అని తనతో తననే పోల్చి చూస్తే సంగతి బయటపడుతుంది. ఇ. సోమనాథన్, రోహిణి సోమనాథన్, అనంత్ సుదర్శన్, మీను తివారీ అనే నలుగురు ఆర్థికవేత్తలు మన దేశంలోని పనిచోట్లలో ఇదే చేశారు. సూరత్ మగ్గాల షెడ్లు, భిలాయ్‌లో రైలు పట్టాలు తయారుచేసే మిల్లు, ఢిల్లీ చుట్టుపక్కల, ఛింద్వారాలో, మన హైదరాబాద్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు. రోజువారీ ఉత్పత్తి లెక్కలనీ హాజరు పట్టీలనీ ఆ రోజు వేడితో కలిపి చూశారు. 2021లో అచ్చయిన ఆ అధ్యయనం చెప్పిందేమిటంటే, వేడి రోజుల్లో పని తగ్గుతుంది, గైర్హాజరు పెరుగుతుంది. దేశం మొత్తం ఫ్యాక్టరీల లెక్కలు తీస్తే, ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినప్పుడు ఫ్యాక్టరీ ఉత్పత్తి సుమారు 2 శాతం పడిపోతోంది. మీ లైన్‌లో జరుగుతున్నది వేల ఫ్యాక్టరీల్లో జరుగుతున్నదే. కాకపోతే అక్కడ దాన్ని వేడి ఖాతాలో రాశారు, మీ దగ్గర మీ ఖాతాలోనూ ఆ 32 మంది ఖాతాలోనూ రాస్తున్నారు.

బద్ధకం సంగతి ఇంకొంచెం చూద్దాం, మీ మనసుని తొలుస్తున్నది అదే కాబట్టి. సెలవు పెట్టినా జీతం వచ్చే గార్మెంట్, రైలు మిల్లు కార్మికుల్లో, ఎండలు వరసగా కొన్ని రోజులు కాసినప్పుడు గైర్హాజరు పెరిగింది. సూరత్‌లో నేసే వాళ్లకి ఏ రోజు కూలి ఆ రోజే, రాకపోతే రాబడి లేదు. వాళ్లు మాత్రం వేడికీ వచ్చారు. సెలవుకి ధర కట్టాల్సి వస్తే మనిషి ఒళ్లు మరిచి వచ్చేస్తాడన్నమాట. మీ దగ్గర రాకపోతే జీతం కోత అని మీరే రాశారు. కోత పడుతుందని తెలిసీ రోజుకి నలుగురైదుగురు రావడం లేదంటే, వాళ్లలో ఎంతమంది ఊసుపోక ఇంట్లో కూర్చున్నారంటారు? జ్వరమో, వాంతులో, నెలసరో, మూత్రంలో మంటో ఉండే ఉంటుంది. ఈ చివరిది మీ టోకెన్‌తో ముడిపడ్డదని నేను చెప్పక్కర్లేదు.

ఒంట్లో జరిగేది ఇది. పని చేసే కండరం వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి చెమట. చెమట కారితే చాలదు, ఆరాలి. మట్టికుండ ఎలా పనిచేస్తుందో అలాగే. పొడిగాలికి కుండ చెమర్చి ఆరుతుంది, లోపల నీళ్లు చల్లబడతాయి. ఉక్కపోసే రోజున అదే కుండలో నీళ్లు అంతగా చల్లబడవు. మీ షెడ్డులో ఐరన్ ఆవిరి, 32 మంది ఊపిరి, ఒకే ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఆరే దారేది? దానికి తోడు నీళ్లు తాగకపోతే చెమటకే కరువు. గుండె వేగంగా కొట్టుకుంటుంది, తల బరువెక్కుతుంది, సూది మీద చూపు నిలవదు. పీసులు తగ్గడంతో పాటు ఆల్టర్లు కూడా పెరగడానికి కారణం ఇదే అయ్యుండాలి.

నేను ఇరవై ఏళ్లకి పైగా ఇంటర్ పేపర్లు దిద్దాను. స్పాట్ వాల్యుయేషన్ ఎప్పుడూ ఎండల్లోనే. పెద్ద హాలు, నాలుగు ఫ్యాన్లు, వంద మంది లెక్చరర్లు. భోజనాలయ్యాక దిద్దిన కట్టల్లో కూడికల తప్పులు ఎక్కువని మా చీఫ్ ఎగ్జామినర్ ఏటా గొణిగేవారు. మమ్మల్నెవరూ బద్ధకస్తులనలేదు, "ఎండలమ్మా, జాగ్రత్త" అనేవారు. లెక్చరర్ తప్పు చేస్తే ఎండ, టైలర్ తప్పు చేస్తే బద్ధకం. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇప్పుడు మీ తప్పు సంగతి. ఊరడించడానికి అబద్ధం చెప్పను. రేకులు మీరు వేయించలేదు. ఫ్యాను బాగుచేయించాల్సింది మీరు కాదు. డిసెంబరు టార్గెట్‌ని మేలో అడుగుతున్నది మీరు కాదు. యారాలు పడిపోవడంలో వీటి వాటాయే పెద్దది. కానీ టోకెన్ మీది. ఆబ్సెంట్ గుర్తు మీ చేతి గుర్తు. పైనుంచి ఒత్తిడి వస్తే పెట్టారు, నిజమే, పెట్టింది మాత్రం మీరు. మీకు నిద్ర పట్టనిది ఈ రెండింటి వల్లేనని ఆ గీత గీసిన మాటే చెబుతోంది. మంచి విషయమేమిటంటే, మీరు ఎవర్నీ అడగకుండా వెనక్కి తీసుకోగలిగినవి కూడా సరిగ్గా ఆ రెండే.

మేనేజర్ గారి గురించి కూడా ఒక మాట. ఆయన్ని దుర్మార్గుడిగా చూస్తే మీకు పని జరగదు. కటింగ్ రూమ్‌కి కూలర్ పెట్టి లైన్‌కి పెట్టకపోవడం మీకు మండుతోంది, నాకూ మండింది. అయితే ఇది ఆయన ఒక్కడి బుద్ధి కాదు. నేను చెప్పిన పరిశోధకులే సూరత్‌లో వజ్రాలు సానబట్టే యూనిట్లని అడిగి చూస్తే, అక్కడా చల్లదనం యూనిట్ అంతటా లేదు. నాణ్యత చెడితే ఎక్కువ నష్టం వచ్చే పనులున్న చోట ఏసీ, మిగతా చోట లేదు. యజమాని లెక్క అలా నడుస్తుంది. కాబట్టి ఆయనతో జాలి భాషలో కాకుండా ఆల్టర్ల భాషలో మాట్లాడాలి. గంటకి 15 షర్టులు తగ్గితే రోజుకి ఎంత, ఆర్డర్ ఆలస్యమైతే ఎంత, ఆల్టర్‌కి పోయిన దారం, టైము ఎంత. ఆ లెక్క ఆయన దగ్గర లేదు. మీ దగ్గర ఉండగలదు.

మీ ముందున్న దారులు నాకు నాలుగు కనిపిస్తున్నాయి. దేనికి దాని ఖర్చు ఉంది.

మొదటిది, ఉన్నచోటే ఉండి, మీ చేతిలో ఉన్నవి మార్చడం. టోకెన్ తీసెయ్యండి. నీళ్ల క్యాన్ గేటు దగ్గర కాకుండా లైన్ మధ్యలో పెట్టించండి. ఐరన్ టేబుల్ దగ్గర ఒకే మనిషిని రోజంతా నిలబెట్టకుండా గంటన్నరకోసారి మార్చండి. కాలర్, కఫ్ లాంటి చూపు పెట్టాల్సిన పనులు వీలైనంత పొద్దున్నే ఎక్కువ తీసి, మధ్యాహ్నానికి తేలికవి మిగల్చండి. బండిళ్లు ఎలా కదలాలో నాకంటే మీకు బాగా తెలుసు, ఇది ఎంతవరకు కుదురుతుందో మీరే చూసుకోవాలి.

సూపర్‌వైజర్ చేతిలో ఏముంటుందిలే అనుకోకండి. అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ న్యాషధమ్ అనే ముగ్గురు మన దేశంలోని కుట్టు ఫ్యాక్టరీల లైన్లనే చూశారు. గాలిలో సన్నటి దుమ్ము పెరిగిన రోజుల్లో పని తగ్గుతోంది, కానీ అన్ని లైన్లలో ఒకేలా కాదు. ఎవరు ఆ రోజు నలతగా ఉన్నారో కనిపెట్టి వాళ్లని వేరే కుట్టు పనికి మార్చే సూపర్‌వైజర్ ఉన్న లైన్‌లో నష్టం తక్కువ. అది దుమ్ము గురించి, మీది వేడి. అయినా మనిషిని చూసి పని సర్దడం రెండింటికీ పనికొచ్చే విద్యే. పదకొండేళ్లు మిషన్ మీద కూర్చున్న మీకది కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ దారి ఖర్చేమిటంటే, మొదటి వారం పీసులు ఇంకా తగ్గినట్టు కనిపించవచ్చు. ఇన్నాళ్లూ బిగపట్టుకున్నవాళ్లు లేస్తారు మరి. మేనేజర్ కేకలేస్తారు. మెమో కూడా రావచ్చు. అప్పుడు "ఒక వారం టైమివ్వండి సార్, లెక్క చూపిస్తా" అనగలగాలి. అనలేననుకుంటే టోకెన్‌ని ఒక్కసారిగా తీసేయకుండా, ముందు మూడు టోకెన్లు చేయండి. మెల్లగా అది దానంతటదే పనికిరాకుండా పోతుంది. ఇది పిరికితనం అనుకోకండి. ఉద్యోగం నిలబడితేనే మీరు లైన్‌లో ఏదైనా మార్చగలరు.

రెండోది, లెక్క పట్టుకుని మేనేజర్‌తో కూర్చోవడం. తేమ కూడా చూపించే చిన్న థర్మామీటరొకటి కొని లైన్ మధ్యలో వేలాడదీయండి. ఒక నోట్‌బుక్‌లో రోజుకి నాలుగుసార్లు రాయండి: టైము, వేడి, తేమ, ఆ గంట పీసులు, ఆల్టర్లు, ఎంతమంది రాలేదు. రెండు వారాలు చాలు. ఆ తర్వాత అడగాల్సినవి తక్కువ ఖర్చువాటితో మొదలుపెట్టండి. పాడైన ఎగ్జాస్ట్ ఫ్యాను రిపేరు. రేకుల మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు, అదీ కాకపోతే సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది కాబట్టి ఇది మీరు పుట్టించిన కోరిక కాదని చెప్పొచ్చు. మిషన్ల మీద పాత ట్యూబ్‌లైట్లుంటే ఎల్‌ఈడీలు. నవ్వకండి, ఇది చిన్న విషయం కాదు. పైన చెప్పిన ముగ్గురే బెంగళూరు చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో లైట్లు మార్చినప్పుడు ఏం జరిగిందో చూశారు. పాత బల్బులు తల దగ్గరే వేడి కక్కుతాయి, ఎల్‌ఈడీ అంత కక్కదు. కరెంటు ఆదా ఒక్కటే లెక్కేస్తే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడున్నరేళ్లు దాటుతుంది. వేడి రోజుల్లో నిలబడ్డ పనిని కూడా కలిపితే ఎనిమిది నెలల లోపే వచ్చేస్తుంది. మీ మేనేజర్ గారికి చెప్పాల్సిన వాక్యం ఇదే.

కూలర్ అడిగేటప్పుడు మాత్రం ఆలోచించి అడగండి. నీళ్ల కూలర్ పొడిగాలిలోనే పనిచేస్తుంది. మూసిన షెడ్డులో, ఐరన్ ఆవిరి మధ్య అది ఉక్క పెంచుతుంది. ముందు గాలి బయటికి పోయే దారి కావాలి. ఉత్త ఫ్యాన్లు కూడా అంతే. గాలే 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఆ వేడినే మీద పోస్తుంది.

షిఫ్టు పొద్దున ఏడింటికి మార్చమని అడుగుదామా అని రాశారు. వినడానికి బాగుంది. కానీ మీ 32 మందిని అడగకుండా ఆ మాట మేనేజర్ చెవిన వేయకండి. నల్లా నీళ్లు ఎన్నింటికి వస్తాయి, చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారు, బస్సు ఉందా, వంట ఎప్పుడు. ఒకరి వేడి తగ్గించబోయి ఇంకొకరి నిద్ర కోసేస్తాం. నిద్ర గురించి చెన్నైలో ఒక మంచి పరిశోధన జరిగింది, 2021లో అచ్చయింది. పేదవాళ్లు ఎనిమిది గంటలు పడక మీద ఉన్నా నిద్ర పోయేది ఐదున్నర గంటలే. వేడి, దోమలు, చప్పుడు. పరిశోధకులు రాత్రి నిద్రని అరగంటకి దగ్గరగా పెంచగలిగారు, దానివల్ల పని పెరగలేదు. పనిచోటే మధ్యాహ్నం ఓ అరగంట కునుకు ఇస్తే మాత్రం పని వేగం, మనసు నిమ్మళం రెండూ మెరుగుపడ్డాయి. అయితే కునుకు తీసిన అరగంట పని టైములోంచే పోయింది, అది కూడా వాళ్లు దాచలేదు. మీరూ దాచకండి. "రెస్ట్ ఇస్తే పీసులు రెట్టింపవుతాయి" అని మాటిచ్చారో, మొదటి వారమే ఇరుక్కుంటారు. "ఆల్టర్లు తగ్గుతాయి, మనుషులు మర్నాడు వస్తారు" అన్నంత వరకే చెప్పండి.

ఈ దారిలో భయపడాల్సింది ఒకటుంది. వేడి రోజున తక్కువ వస్తుందని ఒప్పుకున్న మేనేజర్, చల్లటి రోజున ఎక్కువ కావాలంటాడు. నవంబరులో 70 అడుగుతాడు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. డిసెంబరు 60 అనేదే చల్లటి రోజు లెక్క.

మూడోది, చట్టం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ చాలా సూటిగా ఉండేది. పనిచోట గాలి ఆడాలి, ఒంటికి హాయిగా ఉండేంత, ఆరోగ్యం చెడనంత వేడే ఉండాలి. అరగంట విరామం లేకుండా ఐదు గంటలకి మించి పని చేయించకూడదని కూడా ఆ చట్టంలో ఉండేది. ఇప్పుడా చట్టం స్థానంలో 2020 నాటి భద్రత, ఆరోగ్య కోడ్ వచ్చింది. కార్మిక శాఖకి ఫిర్యాదు చేసే దారి ఉంది. రాష్ట్రం వైపు నుంచి కూడా కొంత కదలిక ఉంది. 2015 ఎండల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు రెండు వేల మంది పోయారు, ఆ తర్వాతే వడగాడ్పుల ప్రణాళికలు ఊపందుకున్నాయి. వడదెబ్బని తెలంగాణ 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అయితే ఇవన్నీ ఎక్కువగా చెప్పేది ఆరుబయట పనుల గురించి. ఉపాధి హామీ కూలీకి ఎండాకాలం వేళలు మారతాయి, రోడ్డు పనివాళ్లకి నీడ, మజ్జిగ గురించి మాట్లాడతారు. రేకుల కింద కూర్చున్న టైలర్‌ని "లోపలే ఉంది కదా" అనుకుంటారు. కాలిఫోర్నియా 2005లో బయట పనిచేసేవాళ్లకి నీళ్లు, నీడ, విరామం తప్పనిసరి చేశాక, వేడి రోజుల్లో పనిలో అయ్యే గాయాలు సుమారు 30 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. నియమం పెట్టి అమలు చేస్తే ఫలితం ఉంటుందనడానికి చెబుతున్నాను.

కానీ మీ సంగతికొస్తే, 32 మంది ఉన్న చిన్న యూనిట్‌లో ఫిర్యాదు ఎవరు చేశారో ఊహించడానికి ఎక్కువ సేపు పట్టదు. యజమాని భయపడి బాగుచేయవచ్చు. చిరాకెత్తి ఆర్డర్ ఇంకో చోటికి మళ్లించనూవచ్చు. రెండోది జరిగితే 32 ఇళ్లలో జూన్ ఫీజులున్నాయి. అందుకే దీన్ని మొదటి మెట్టుగా వాడమనను. అలాగని ఇంకొకరు పడిపోయే దాకా ఆగమని కూడా చెప్పను. లెక్క చూపించాక కూడా ఫ్యాను రిపేరు చేయించని మనిషైతే, అప్పుడు ఒంటరిగా కాకుండా నలుగురైదుగురు కలిసి, ఒక యూనియన్ మనిషిని తోడు తీసుకుని వెళ్లండి.

ఫిర్యాదు కాకపోయినా ఇప్పుడే చూడాల్సింది ఈఎస్‌ఐ, అంటే కార్మికులకి ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, నెలకి 21 వేల లోపు జీతమున్నవాళ్లకి అది వర్తిస్తుంది. జీతం స్లిప్పులో 0.75 శాతం కోత కనిపించాలి, యజమాని 3.25 శాతం కట్టాలి. సరిపడా రోజులు చందా కట్టి ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. జబ్బు పడ్డ మొదటి రెండు రోజులకి మామూలుగా రాదు, కాబట్టి మీ యారాలు పోగొట్టుకున్న ఆ రెండు రోజులకి ఇది మందు కాదు. మిగతావాళ్లకి రేపు అవసరమవుతుంది. మీ లైన్‌లో ఎంతమంది దగ్గర ఈఎస్‌ఐ కార్డు ఉందో ఒకసారి అడగండి, ఏం వింటారో నేను ఊహించగలను.

నాలుగోది, ఆ ఏసీ ఫ్యాక్టరీ. పోకూడదని నేననను. మీ ఒళ్లు కూడా ఒళ్లే, ఈ ఉత్తరంలో మీ ఆరోగ్యం గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు మీరు. అక్కడ చల్లగా ఉంటుంది, టార్గెట్ కోసం ఇంకొకరిని అరవక్కర్లేదు. కానీ నెలకి 3 వేలు తక్కువ, పైగా 14 కిలోమీటర్లు పోయి రావడానికి ఛార్జీలు, టైము. సోమనాథన్ బృందం లెక్కల్లో ఇంకో సంగతి కూడా తేలింది. ఏసీ ఉన్న ఫ్యాక్టరీల్లో వేడి రోజుల్లో కూడా పని తగ్గలేదు, గైర్హాజరు మాత్రం పెరుగుతూనే ఉంది. ఫ్యాక్టరీ చల్లగా ఉన్నా ఇల్లు, దారి చల్లగా లేవు కదా. మీ ఇల్లు కూడా రేకులదేనని రాశారు. ఏసీని చూసి కాదు, సూపర్‌వైజర్ పని మీకు ఇష్టమా కాదా అన్నది చూసి తేల్చుకోండి. తొమ్మిది పేజీల్లో మీరు లైన్‌ని "మా పిల్లలు" అని చాలాసార్లు రాశారు, నేను లెక్కపెట్టలేదు. ఇంకో మాట, ఇది మీ మెడకి చుట్టడానికి కాదు, తెలిసి ఉండాలని మాత్రమే: మీరు పోతే ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లు టోకెన్ తీస్తారో, ఇంకో ఆంక్ష పెడతారో చెప్పలేం.

నన్నడిగితే మొదటి రెండూ కలిపి జూలై దాకా చూడమంటాను. అప్పటికీ ఫ్యాను తిరగకపోతే మూడోదో నాలుగోదో. కానీ చిట్టీ మీది, ఇల్లు మీది, ఆ మేనేజర్ ముఖం రోజూ చూడాల్సింది మీరు.

ఇక యారాలు. అత్తగారి ద్వారా కబురంపకండి, మీ ఆయన్నీ మరిదినీ మధ్యలోకి తేకండి. ఈ పరిశోధనల గోల అసలెత్తకండి. "నా వల్ల కాదు, ఎండ వల్ల" అన్నట్టు వినిపిస్తుంది, అది ఆమెకి పుండు మీద కారం. సూటిగా వెళ్లి రెండు మాటలు చెప్పండి. టోకెన్ పెట్టింది నేను, తప్పే. నువ్వు పని చేస్తూ పడిపోయావు, దాన్ని ఆబ్సెంట్ వేయకూడదు, వేశాను, మార్పించడానికి అడుగుతాను. తర్వాత నిజంగానే అడగండి. మేనేజర్ ఒప్పుకోకపోతే ఆ రెండు రోజుల డబ్బు మీ జేబులోంచి ఇవ్వాలని మీకు అనిపిస్తుంది. నా మాట వినండి, అది చేయకండి. డబ్బు చేతిలో పెడితే ఆమెకది మీరు నోరు మూయించినట్టుంటుంది. పైగా కంపెనీ కట్టాల్సింది మీరు కట్టినట్టవుతుంది. ఆమె వెంటనే కరగకపోవచ్చు. పది మంది ముందు నేల మీద పడ్డ మనిషి, దానికి టైము పడుతుంది. మళ్లీ పనికొస్తే మాత్రం కొన్నాళ్లు ఐరన్ టేబుల్ వద్దు, దారం కత్తిరించే పనో, చెకింగో ఇవ్వండి. ఒకసారి సర్కారు దవాఖానాలో కిడ్నీ పరీక్ష కూడా చేయించమనండి. ఎండలో నీళ్లు లేకుండా పదే పదే కష్టం చేస్తే దెబ్బ తగిలేది అక్కడే. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో వేల మంది కూలీల కిడ్నీలు చెడిపోవడానికి ఇదొక ముఖ్య కారణమని పరిశోధకులు అనుకుంటున్నారు.

ఒకటి మాత్రం రేపే లైన్‌లో అందరికీ చెప్పండి. కళ్లు తిరిగితే పడుకోబెట్టి, గాలి తగలనిచ్చి, తెలివిగా ఉంటే ఓఆర్‌ఎస్ తాగించడం సరే. కానీ ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, ఏదేదో మాట్లాడినా, స్పృహ లేకపోయినా అది వడదెబ్బ. నోట్లో నీళ్లు పోయకూడదు. తడి బట్టలతో ఒళ్లంతా చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయాలి. మొన్న సెలైన్‌తో తేరుకుంది కదా అని ఈసారి కూడా పక్క క్లినిక్ దాకా నడిపించకండి.

నోట్‌బుక్ జూన్‌లోనూ ఆపకండి. మొదటి వానలు పడి షెడ్డు చల్లబడ్డాక మూడు నాలుగు రోజుల పీసులు, ఆల్టర్లు ఎన్నో రాయండి. మేనేజర్ గారు మళ్లీ డిసెంబరు గురించి అడిగినప్పుడు ఆ పేజీ తెరిచి ముందు పెట్టండి. ఏమన్నారో నాకు కూడా రాయండి.